రోజుకి 120 బిల్లులు... ఈ జాబ్ మానేయనా మేడమ్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న, మొదటి ఉద్యోగం, నచ్చట్లేదు, మానేయాలా ఉండాలా అని. పోయినేడు చేరిన పిల్లలందరికీ ఏడాది దాటినట్టుంది, అందరూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి రాశారు. అన్నిటికీ జవాబివ్వడానికి పేజీ చాలదు కాబట్టి ఒక పెద్ద ఉత్తరం, రెండు చిన్నవి తీసుకున్నా. పేర్లు వేయట్లేదు, ఫోన్ చేసి అడగొద్దు.

ప్రశ్న: మేడమ్ నమస్తే. నాకు 23 ఏళ్ళు, బీకామ్ కంప్యూటర్స్ చేశా, మాది ఉప్పల్. మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరి 14 నెలలైంది. వేరే కంపెనీల బిల్లులు మా దగ్గరికి పీడీఎఫ్‌లో వస్తాయి, అవి చూసి వెండర్ పేరు, బిల్లు నంబరు, డేట్, అమౌంట్, ట్యాక్స్ అన్నీ సిస్టమ్‌లో ఎక్కించాలి, అంతే పని. రోజుకి 120 టార్గెట్. ఆఫర్ లెటర్‌లో మాత్రం ప్రాసెస్ అనలిస్ట్ అని ఉంది, చుట్టాలొస్తే మా అమ్మ అదే చెప్తుంది మా పిల్ల అనలిస్ట్ అని, బయట పల్లకీ మోత ఇంట్లో ఈగల మోత అంటారే అట్లా ఉంది నా పరిస్థితి.

పొద్దున ఏడున్నరకి బయల్దేరితే రాత్రి ఇల్లు చేరేసరికి ఎనిమిది. ఉప్పల్ రెండో స్టేషనే అయినా పొద్దున పూట సీటు దొరకదు, హైటెక్ సిటీ దాకా నిల్చునే. ప్యాకేజీ 3 లక్షలన్నారు కదా నెలకి 25 వేలు వస్తాయి అనుకున్నా, చేతికొచ్చేది 21,200. మిగతాది ఎటు పోతోందో హెచ్‌ఆర్‌ని అడిగితే పేస్లిప్ చూసుకో అంటారు, చూసినా అర్థం కాదు. ఇంట్లో 10 వేలు ఇస్తా. మెట్రో, ఆటో, తిండి, ఫోన్, చెల్లి కాలేజీ ఖర్చులు పోను ఏదో మిగుల్తుంది, బ్యాంకులో ఇప్పటికి 38 వేలున్నాయి.

అసలు విషయం చెప్తా. మూడు నెలల క్రితం ఒక బిల్లు వచ్చింది, అట్టపెట్టెల వెండర్, విజయవాడ వాళ్ళు. జీఎస్టీ నంబర్ 37తో మొదలైంది. కొన్నది జీడిమెట్లలో ఫ్యాక్టరీ, వాళ్ళది 36. సరుకు కూడా జీడిమెట్లకే వచ్చింది, మరి ఐజీఎస్టీ వేయాలి కదా, వాళ్ళేమో సీజీఎస్టీ సగం ఎస్జీఎస్టీ సగం వేశారు. డౌటొచ్చి అదే వెండర్ పాత బిల్లులు తీసి చూస్తే ఇంకో 11 ఉన్నాయి అట్లాంటివే. పరిగెత్తుకుంటూ వెళ్ళి మా టీమ్ లీడ్‌కి చూపించా. ఆయన స్క్రీన్ వైపు కూడా చూడలేదు మేడమ్. "నువ్వు ఆడిటర్‌వి కాదు, బిల్లు మీద ఏముంటే అదే కొట్టు" అన్నారు. ఆ రోజు నాకు 94 బిల్లులే అయ్యాయి, షీట్‌లో నా పేరు పక్కన రెడ్ పడింది. వెళ్ళేటప్పుడు మెట్రోలో ఏడుపొచ్చేసింది, పక్కనున్నామె నీళ్ళ బాటిల్ ఇచ్చింది. అప్పట్నుంచి అట్లాంటివి కనపడితే ఎవరికీ చెప్పట్లేదు, ఎన్ని అయ్యాయో నోట్‌బుక్ వెనక పేజీలో గీతలు మాత్రం పెట్టుకుంటున్నా. 41 అయ్యాయి.

నాన్న గ్రూప్స్ రాయమంటారు. పెద్దమ్మ వాళ్ళ అన్నయ్య అమీర్‌పేటలో తెలిసిన కన్సల్టెన్సీ ఉంది, లక్షన్నర కడితే మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ చూపించి సాఫ్ట్‌వేర్‌లో పెట్టిస్తారు అంటున్నాడు. నా ఫ్రెండ్ ఏ జాబూ చూసుకోకుండానే రిజైన్ చేసేసింది, హాయిగా ఉంది. ఏడాదికే మానేస్తే రెజ్యూమె పాడవుతుందని ఇంకొకళ్ళు. నోటీస్ 60 రోజులు. అమ్మకి కంట్లో శుక్లం ఆపరేషన్ చేయించాలన్నారు, అర్జెంట్ ఏం కాదు, నా కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మా నాన్నా ఉన్నారు. మానేయనా? రోజూ సోమవారంలాగే ఉంటోంది.

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివా. మెట్రో గురించి రెండు లైన్లు రాశావు, జీతం గురించి నాలుగు, ఆ విజయవాడ అట్టపెట్టెల గురించి పేజీలో సగం రాశావు, అక్షరాలు కూడా అక్కడే పెద్దవయ్యాయి. నేను హెచ్‌ఆర్‌లో ఇరవై ఏళ్ళ పైన చేశా, పని నచ్చట్లేదని వచ్చి కూర్చున్న పిల్లలు చాలామంది చెప్పేది ఒకేలా ఉంటుంది, బోర్, గ్రోత్ లేదు, టాక్సిక్. నీలాగా బిల్లు మీద మొదటి రెండంకెలు గుర్తుపెట్టుకుని మూడు నెలలు గీతలు గీసుకున్న పిల్లని నేను చూడలేదు. నువ్వు బిల్లుల పనిని అసహ్యించుకోవట్లేదమ్మా, ఆ పని నిన్ను చేయనివ్వట్లేదని ఏడ్చావు. రెండిటికీ చాలా తేడా ఉంది.

మిగతా పాఠకులకి ఒక ముక్క. జీఎస్టీ నంబర్‌లో 15 గళ్ళుంటాయి, మొదటి రెండూ రాష్ట్రం, తెలంగాణకి 36, ఆంధ్రకి 37, తర్వాతి పదీ ఆ వ్యాపారి పాన్ నంబరే. రాష్ట్రం లోపల అమ్మితే కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్జీఎస్టీ అని రెండు ముక్కలు, సరుకు రాష్ట్రం దాటితే ఐజీఎస్టీ ఒక్కటే. ట్యాక్స్ లెక్కలు నాకంత రావు, అందుకని మా ఆడపడుచు కొడుక్కి, వాడు ఆడిటర్ దగ్గర చేస్తాడు, ఊరూ పేరూ లేకుండా నీ పేరా చదివి వినిపించా. విజయవాడలో హోటల్ రూమ్ బిల్లైతే వేరే, అది అక్కడి ట్యాక్సే వేస్తారు, సరుకు జీడిమెట్లకి వచ్చిందంటే మాత్రం ఆ పిల్ల చెప్పింది కరెక్ట్ అన్నాడు, కొన్నవాళ్ళు కట్టిన ట్యాక్స్ వెనక్కి క్రెడిట్ తీసుకోవడం దగ్గర ఇరుక్కుంటారట. ఆ తర్వాత వాడు అడిగిందేంటో తెలుసా, "ఆ అమ్మాయి ఎక్కడ చేస్తోంది అత్తా, మా సార్ మనిషి కోసం చూస్తున్నారు" అని. నీ అడ్రస్ ఇవ్వలేదులే, కంగారు పడకు.

కాబట్టి మానేయాలా అంటే, మానెయ్. ఈ నెల మాత్రం కాదు.

ఎందుకు కాదంటే ముందు అమ్మ కన్ను. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ మామూలుగా నీ లాస్ట్ వర్కింగ్ డే తోనే ఆగిపోతుంది, నీతోపాటు అమ్మానాన్నలది కూడా. బయట కొత్తగా పాలసీ తీసుకుంటే శుక్లం లాంటి ఆపరేషన్లకి వెయిటింగ్ పీరియడ్ పెడతారు, చాలా పాలసీల్లో రెండేళ్ళు ఉంటుంది. గ్రూప్ పాలసీల్లో మామూలుగా ఆ గొడవ ఉండదు. డాక్టర్ అర్జెంట్ కాదన్నాడు సరే, నీ రిజిగ్నేషన్ లెక్కలో అది అర్జెంటే. ఈ వారమే పాలసీ కాగితంలో శుక్లానికి ఎంత లిమిట్ పెట్టారో, కో-పే, అంటే బిల్లులో మనం కట్టుకోవాల్సిన వాటా, ఎంతో చూసుకుని, క్యాష్‌లెస్ ఉన్న కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళు, లెన్స్ ఖరీదైంది చూపిస్తారు, లిమిట్ దాటింది నువ్వు కట్టుకోవాలి, 38 వేల మీద చెయ్యి పడకుండా చూసుకో. రెండు కళ్ళకీ చేయించాలంటే మధ్యలో కొంచెం గ్యాప్ ఇస్తారు, అది కూడా కలుపుకో.

రెండోది ఆ 38 వేలే. ఇంట్లో 10 వేలు ఇవ్వడం ఆపవు కదా నువ్వు, ఆపే పిల్లలా లేవు. నీ ఖర్చులు సగానికి తగ్గించినా రెండున్నర నెలలు, లాగితే మూడు. నీ ఫ్రెండ్ హాయిగా ఉందన్నావు, మానేసి ఎన్ని రోజులైందో రాయలేదు. మొదటి నెల అందరూ హాయిగానే ఉంటారమ్మా, మూడో నెల నుంచి వచ్చిన ప్రతి ఫోనూ ఆఫరేమో అని ఎత్తుతారు, అట్లాంటప్పుడు ఇదే పని 18 వేలకి ఇచ్చినా చేరిపోతారు.

నా సంగతి చెప్తా, నవ్వుకో. 1995లో అబిడ్స్‌లో ఒక ఆఫీసులో చేరా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వోచర్లు టైప్ చేయడమే. ఒక రోజు మేనేజర్ అందరి ముందూ ఏదో అన్నాడని బ్యాగ్ తీసుకుని వచ్చేశా, నెల 22వ తారీఖు, ఆ 22 రోజుల జీతం కూడా అడగలేదు, పౌరుషం. రెండేళ్ళ తర్వాత ఇంకో ఉద్యోగానికి సర్వీస్ సర్టిఫికెట్ కావాల్సొచ్చి మళ్ళీ అదే మనిషి టేబుల్ ముందుకి వెళ్ళా. గంట సేపు కూర్చోబెట్టి ఇచ్చాడు, చేరిన తేదీ తప్పు రాసి. ఆ తప్పు గురించి నేను ఇంకో రెండు చోట్ల సంజాయిషీ చెప్పుకున్నా.

అందుకని వరస ఇట్లా పెట్టుకో. ఇప్పట్నుంచే అప్లై చేయడం మొదలుపెట్టు, ఆఫర్ మెయిల్‌లో కాగితం రూపంలో వచ్చాక, నోటి మాట కాదు, అప్పుడు రిజైన్. నీది 60 రోజుల నోటీసు, తీసుకునేవాళ్ళు చాలామంది నెలలో చేరమంటారు, ఇంటర్వ్యూలో మొదట్లోనే చెప్పెయ్, దాచి ఆఖర్న చెప్తే వాళ్ళకి కోపం వస్తుంది. నోటీస్ బైఅవుట్ ఉందేమో అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడు, చాలాచోట్ల మిగిలిన రోజులకి బేసిక్ మీదో గ్రాస్ మీదో లెక్కగట్టి కట్టించుకుంటారు, ఏ లెక్కన అన్నది అందులోనే రాసుంటుంది. రిలీవింగ్ లెటర్ లేకుండా మాత్రం బయటికి రాకు.

పేస్లిప్ గురించి అడిగావు. ఏడాదికి 3 లక్షలంటే నెలకి 25 వేలు, అందులో బేసిక్ సగం అనుకో, 12,500. కంపెనీ నీ పీఎఫ్‌కి వేసే 12 శాతం, 1,500, కూడా నీ ప్యాకేజీలోనే కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ అని బేసిక్‌లో 4.81 శాతం, ఓ 600, అదీ కలుపుతారు. అవి తీసేస్తే గ్రాస్ 22,900. అందులోంచి నీ వాటా పీఎఫ్ ఇంకో 1,500, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. మిగిలింది 21,200. నిన్నెవరూ మోసం చేయలేదు, ప్యాకేజీ అని చెప్పే విధానమే అంత. గ్రాట్యుటీ మాత్రం మామూలు పర్మనెంట్ ఉద్యోగికి 5 ఏళ్ళు నిండితేనే చేతికొస్తుంది, అంటే ఆ 600 నెలనెలా నీ పేరు మీద చూపిస్తున్నారు, నువ్వు చూడవు. దాని కోసం నాలుగేళ్ళు ఆగుతావా ఏంటి. పీఎఫ్ మాత్రం నీదే, కంపెనీ వేసే 12 శాతంలో 8.33 పెన్షన్ ఖాతాకి పోయి మిగతాది నీ వాటాతో కలుస్తుంది, 14 నెలలకి వడ్డీ కాకుండా ఓ 27 వేలు అయ్యుండాలి. కొత్త చోట చేరాక అదే యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని నీ పీఎఫ్ నంబరు, ఇచ్చి ట్రాన్స్‌ఫర్ పెట్టుకో, డ్రా చేసుకుని చీర కొనుక్కోకు. 2024-25కి దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, సేవింగ్స్ అకౌంట్‌లో అంత ఎక్కడిస్తారు.

ఆ యూఏఎన్ అన్న మాట వచ్చింది కాబట్టి మీ పెద్దమ్మ గారబ్బాయి సంగతి. వద్దమ్మా. బ్యాక్‌డోర్ అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు సిగ్గు లేకుండా. నువ్వు ఎక్కడెక్కడ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశావో పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో కనపడుతుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు మొదట చూసేది అదే. మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ చేశానని కాగితం చూపిస్తావు, అక్కడేమో 14 నెలలు మాదాపూర్‌లో బిల్లులు కొట్టినట్టుంటుంది. చేరిన ఆర్నెల్లకి కూడా పీకేస్తారు, లక్షన్నర ఎవడూ వెనక్కి ఇవ్వడు. నేను అట్లాంటి ఫైళ్ళు పట్టుకున్నా, ఏడుస్తూ కూర్చున్న పిల్లల్ని చూశా, ఒకబ్బాయి వాళ్ళ నాన్న ఊళ్ళో అరెకరం అమ్మి కట్టాడు.

గ్రూప్స్. నీకు నిజంగా ఇష్టమైతే చిక్కడపల్లి లైబ్రరీలో సీటు పట్టుకుని కూర్చో, ఆ జీవితం వేరు. కానీ 2022 గ్రూప్-4కి 8 వేల చిల్లర పోస్టులకి 9 లక్షల పైన అప్లికేషన్లొచ్చాయి, టీమ్ లీడ్ మీద కోపంతో ఎవరూ ఆ క్యూలో నిలబడకూడదు. నాన్నకి ఇదే మాట నెమ్మదిగా చెప్పు.

ఏడాదికే మానేస్తే రెజ్యూమె పాడవుతుందా? 14 నెలలకి ఎవరూ ఏమీ అనరు, మొదటి ఉద్యోగం కదా. వరసగా మూడు చోట్ల ఆరేసి నెలలుంటే అప్పుడు అడుగుతారు.

ఇప్పుడు నాకిష్టమైన దగ్గరికి వస్తా. మీలాంటి ఆఫీసుల్లో తేడా వచ్చిన బిల్లుల్ని చూడడానికి వేరే టీమ్ ఉంటుంది, ఎక్సెప్షన్స్ అనో రికన్సిలియేషన్ అనో. మీ ఫ్లోర్‌లో ఉందా? ఐజేపీ, అంటే కంపెనీ లోపలి వాళ్ళకే ఖాళీల ప్రకటన, పడుతుందా? చాలాచోట్ల ఒక ప్రాసెస్‌లో 12 నెలలు నిండితే అప్లై చేయనిస్తారు, నీకు నిండాయి. బయటికి వెళ్ళేముందు ఆ తలుపు ఒకసారి తట్టు. టీమ్ లీడ్‌కి మళ్ళీ నోటితో చెప్పకు, ఆయనకి సాయంత్రానికి 120 ఇంటూ ఎంతమందో ఆ లెక్క పైకి పంపాలి, నువ్వు కనిపెట్టింది ఆయన షీట్‌లో ఏ గడిలోనూ పట్టదు, ఆయన మీద నాకూ కోపం వచ్చింది గానీ ఆయన బాధ అది. మెయిల్ పెట్టు. ఆయనకి, క్వాలిటీ చూసేవాళ్ళకి కలిపి, అయిదు లైన్లు. ఫలానా తేదీ నుంచి ఇలాంటి బిల్లులు 41 చూశాను, వెండర్ రాష్ట్రం ఇది, కొన్నవాళ్ళ రాష్ట్రం ఇది, ట్యాక్స్ ఇలా వేశారు, క్లయింట్‌కి చెప్పాలా వద్దా తెలియజేయండి. అంతే, నాకు బోర్ కొడుతోంది, నా టాలెంట్ గుర్తించట్లేదు, అవేవీ రాయకు. ఒక మంచి మనిషి దగ్గరికి ఆ మెయిల్ చేరితే నీ సీటు మారొచ్చు. చేరకపోతే నీకు పోయేదేం లేదు.

ఒక జాగ్రత్త. ఆ బిల్లుల ఫొటోలు, వెండర్ల పేర్లు ఫోన్‌లో తీసుకుని ఇంటర్వ్యూలో చూపించేవు, అది క్లయింట్ డేటా, ఉద్యోగం ఊడడమే కాదు కేసు కూడా అవుతుంది. నోట్‌బుక్‌లో గీతలు మాత్రమే పెట్టుకున్నానన్నావు, అదే చాలు. ఇంటర్వ్యూలో నాకు చెప్పినట్టే చెప్పు, 37, 36, అట్టపెట్టెలు, 11 పాత బిల్లులు. ప్రాసెస్ అనలిస్ట్‌గా డేటా ఎంట్రీ చేశాను అని మొదలెడితే వాళ్ళు ఫోన్ చూసుకుంటారు, ఇది మొదలెడితే తల ఎత్తుతారు.

అకౌంట్స్ పేయబుల్, జీఎస్టీ రికన్సిలియేషన్ అని వెతుకు. ఆడిటర్ ఆఫీసులు, ఉప్పల్ చర్లపల్లి వైపు ఫ్యాక్టరీల అకౌంట్స్ సెక్షన్లు కూడా చూడు, జీతం ఓ రెండు మూడు వేలు తక్కువైనా మెట్రోలో పోయే టైము మిగుల్తుంది. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బి అని ఒక స్టేట్‌మెంట్ తయారవుతుంది, మన దగ్గరున్న బిల్లులూ అందులో ఉన్నవీ సరిపోయాయా లేదా అని కూర్చుని కలపాలి, చిన్న కంపెనీల్లో ఆ పని చేసే మనిషికి ఎప్పుడూ కరువే అని మావాడు అంటాడు. నువ్వు పుట్టిందే దానికి అనిపిస్తోంది నాకు. అమీర్‌పేటలో శాప్ (పెద్ద కంపెనీలు లెక్కలకి వాడే సాఫ్ట్‌వేర్) కోర్సుకి ఇప్పుడే డబ్బు కట్టకు, ఎక్సెల్‌లో పివట్, పవర్ క్వెరీ రాకుండా శాప్ అంటే ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కినట్టు. అవి ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకోవచ్చు, డబ్బు అక్కర్లేదు, ఎలాగూ నిల్చునే వెళ్తున్నావు. టాలీ కావాలంటే వీకెండ్ బ్యాచ్ చూసుకో, అమీర్‌పేట నీ దారిలోదే. ఇంకో మాట, బీకామ్‌లో 55 శాతం దాటితే సీఏ ఇంటర్‌కి ఫౌండేషన్ రాయకుండా డైరెక్ట్‌గా రిజిస్టర్ అవ్వొచ్చు. ఇప్పుడే అనట్లేదు, ఎన్ని మార్కులొచ్చాయో మాత్రం చూసుకో.

ప్రశ్న: మేడం, కొండాపూర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, జాయిన్ అయ్యి 7 మంత్స్. ట్రైనింగ్ అన్నారు, పాత వీడియోలు పెట్టి చూడమన్నారు అంతే, ఇప్పటిదాకా ఒక్క ప్రాజెక్ట్ లేదు. 2 ఇయర్స్ బాండ్ రాయించుకున్నారు, ముందే మానేస్తే 2 లక్షలు కట్టాలంట. బీటెక్ ఒరిజినల్స్ కూడా వాళ్ళ దగ్గరే. ఫోన్ స్విచాఫ్ చేసి వెళ్ళిపోదాం అనుకుంటున్నా.

జవాబు: స్విచాఫ్ చేయకు బాబూ, వాళ్ళకి కావాల్సింది అదే, నువ్వు పారిపోయావని కాగితం మీద ఎక్కించుకుంటారు.

బాండ్ అంటే చెల్లదు అని ఫ్రెండ్స్ చెప్పి ఉంటారు, పూర్తిగా నిజం కాదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో మూడేళ్ళ బాండూ, ముందే మానేస్తే 2 లక్షలూ చెల్లుతాయనే చెప్పింది. కానీ అది బ్యాంకు, పరీక్ష పెట్టి, నోటిఫికేషన్ ఇచ్చి, మళ్ళీ రిక్రూట్ చేసుకోవడానికి అయ్యే ఖర్చు చూపించింది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది సబబైన పరిహారమే, రాసిన మొత్తం దాటకుండా. నీకు చూపించిన పాత వీడియోలకి ఎంత ఖర్చయిందో వాళ్ళు చెప్పుకోవాలి. కాబట్టి ట్రైనింగ్‌లో ఏ రోజు ఏం చెప్పారో, ఎవరు చెప్పారో, ప్రాజెక్ట్ కావాలని నువ్వెప్పుడు అడిగావో తేదీలతో రాసిపెట్టుకో. అడగలేదా, ఇవాళే మెయిల్ పెట్టి అడుగు.

ఒరిజినల్స్ సంగతి వేరు, బాండూ సర్టిఫికెట్లూ కలిపి ఆలోచించకు. నీ సర్టిఫికెట్ నీ ఆస్తి. వెరిఫికేషన్‌కని తీసుకున్నారు, అయిపోయింది, ఇవ్వండి అని మెయిల్‌లో అడుగు, ఇచ్చినప్పుడు రసీదు ఏదైనా ఇచ్చారా వెతుకు. వారం పది రోజులు చూసి లాయర్ నోటీసు, చాలామంది అక్కడికే దిగొస్తారు. లాయర్‌కి డబ్బుల్లేవంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళు, ఎస్సీ ఎస్టీ అయినా, ఆదాయం వాళ్ళు పెట్టిన లిమిట్ లోపలున్నా ఫ్రీగా లాయర్‌ని ఇస్తారు. ఈలోగా వేరే ఇంటర్వ్యూలకి వెళ్తూనే ఉండు, 7 నెలలు అక్కడ ఏమీ నేర్చుకోలేదు కాబట్టి ఫ్రెషర్‌గానే వెళ్ళు, దాయకు. ఇంకోసారి ఎవరైనా ఒరిజినల్స్ అడిగితే చూపించు, చేతిలో పెట్టకు.

ప్రశ్న: అమ్మా నమస్తే, మాది మల్కాజిగిరి. మా పిల్లగానికి కాల్ సెంటర్ల నౌకరి దొరికి మూడు నెలలైంది, మొత్తం నైట్ డ్యూటీలే. గిప్పుడు ఇడిసిపెడ్తా అంటుండు. ఒక్క తాన నిలబడడు అని మా ఆయన ఒకటే లొల్లి. ఏం జెయ్యమంటరు?

జవాబు: వదినా, ముందు వాడు పగలు ఎన్ని గంటలు పడుకుంటున్నాడో ఒక వారం చూడండి. పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంటే ఎనిమిదింటికి కుక్కర్ విజిల్, తొమ్మిదింటికి మీ వారి టీవీ, పదకొండింటికి కొరియర్ వాడు. నాలుగు గంటల నిద్రతో మూడు నెలలు లాగిన పిల్లాడు మానేస్తా అనక ఏమంటాడు. వాడి గదికి నల్ల పరదా వేయండి, మధ్యాహ్నం దాకా ఆ వైపు ఎవర్నీ వెళ్ళనివ్వకండి, మీ వారిని కూడా. నెల తర్వాత కూడా అదే మాట అంటే డే షిఫ్ట్ ప్రాసెస్‌కి మార్చమని అడగమనండి, ఇండియా కస్టమర్లతో మాట్లాడే ప్రాసెస్‌లైతే చాలావరకు పగలే ఉంటాయి, జీతం కాస్త తక్కువ. మార్చకపోతే వేరే చోట డే షిఫ్ట్ వెతుక్కోనివ్వండి, మూడు నెలల ఉద్యోగానికి అంత పట్టుదల అక్కర్లేదు. ఇంతకీ రాత్రి పూట వాళ్ళు క్యాబ్ పంపుతున్నారా, వీడే బండి మీద వెళ్తున్నాడా? నిద్రమత్తులో బండి మీద వస్తుంటే మాత్రం నెల కూడా ఆగొద్దు.